బెంచీ మీద సంచి

“పాప బరువెంత తల్లీ?”

కృపారాణి ఉలిక్కిపడి తలెత్తింది.

గోడవారగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. భుజాన తువ్వాలు, చేతిలో గుడ్డసంచి. బెంచీ సగం ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

“నీకేటి పని బాబూ?” అంది విసురుగా.

అసలే ఆమె మనసు మనసులో లేదు. పొందూరు నుంచి శ్రీకాకుళంలోని ఈ మందుల ఆఫీసుకి తిరిగి తిరిగి కాళ్లు అరిగిపోయాయి. ఆరేళ్ల కూతురు ఫిన్నీకి ఫిట్స్. అవి ఒక్క మందుకే లొంగుతాయి. ఆ మందు మన దేశంలో దొరకదు. మిషన్ ఆసుపత్రి డాక్టరుగారు ఎవరినో బతిమాలి విదేశం నుంచి తెప్పిస్తే, పార్సిలు విశాఖలో కస్టమ్స్ వాళ్ల దగ్గర ఆగిపోయింది. మత్తుమందుల కోవలోకి వస్తుందట. పాప పేరు మీద ఢిల్లీ నుంచి పర్మిట్ రావాలట.

దరఖాస్తు వెళ్లింది. పర్మిట్ రాలేదు.

డాక్టరుగారు మొదట్లో ఎలాగో సంపాదించి ఇచ్చిన ఒక్క సీసా రేపటితో అయిపోతుంది.

“ఇందాక మేడం కాడ నువ్వు ఏడస్తంటే ఇన్నాను,” అన్నాడతను గొంతు తగ్గించి. “బరువు సెప్తే ఎంత తాగించాలో సెప్తాను. ఒకపాలి బయటికి రా తల్లీ.”

“బయటికెందుకు? ఇక్కడే సెప్పు.”

అతను ఆఫీసరు గది వైపు చూశాడు. “ఇక్కడ సెప్పీది కాదు.”

కృపారాణికి అర్థమైపోయింది. బ్రోకరు. ఏ ఆఫీసు మెట్లెక్కినా ఇలాంటివాడు ఒకడు ఉండనే ఉంటాడు. ఏడ్చే ఆడది కనిపిస్తే వీళ్లకు పండగ.

“నా కాడ డబ్బుల్లేవు. ఎల్లిపో.”

“డబ్బులెవులు అడిగినారు?”

“ఎల్తావా, కేకెయ్యమంటావా?”

అతను సంచిని ఆమె పక్కన బెంచీ మీద పెట్టాడు.

“నీదే అనుకో. ఎవులికీ సూపకుండా ఇంటికి పట్టుకెల్లిపో.”

వస్తానని కూడా అనకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కృపారాణి సంచికి దూరంగా జరిగింది. ముక్కూ మొహం తెలియనివాడు సంచి వదిలేసి ఎవరికీ చూపించొద్దంటాడా? లోపల గంజాయి ఉంటే? తను జైలుకి పోతే ఫిన్నీకి దిక్కెవరు?

“బాబూ ధర్మేంద్రా! ఇలా రా! ఎవుడో సంచొగ్గేసి పోయినాడు!”

అటెండరు ధర్మేంద్ర పరుగున వచ్చాడు. సంచిని తీసుకెళ్లి ఆఫీసరు సుహాసిని బల్ల మీద పెట్టాడు. పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన ఇద్దరు ఆమెకు ఎదురుగానే కూర్చుని ఉన్నారు.

సుహాసిని సంచి విప్పింది. లోపల సీలు తీయని మందు సీసాలు.

ఆమె మొహం పాలిపోయింది.

“అమ్మా... ఇది మీ పాప మందే.”

కృపారాణికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులూ చాపింది.

“ఇచ్చీండి మేడమ్! నాకే ఇచ్చినాడు. నాదే అనుకోమన్నాడు!”

సుహాసిని ఎదురుగా ఉన్న ఇద్దరి వైపు చూసింది. వాళ్లు సీసాలనే చూస్తున్నారు.

“ఇది వేరే పేషెంటు పేరు మీద వచ్చిన మందమ్మా. ఒకరి పర్మిట్ మందు ఇంకొకరికి ఇవ్వడం నేరం. ఈ బల్ల మీదకి రాకపోతే నాకు తెలిసేదే కాదు. ఇప్పుడు సీలు వేసి పంపించాల్సిందే.”

“పంపితే ఏటి సేస్తారు?”

“నాశనం చేస్తారు,” అంది సుహాసిని తల దించుకుని.

కృపారాణి రోడ్డు మీదకి పరుగెత్తింది. ఆటోలు, బళ్లు, కాలేజీ పిల్లలు. ఆ మనిషి ఎక్కడా లేడు. వెనక్కి వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

“ఎవులు మేడమ్ అతను?”

“కూర్మయ్య. ఈ జిల్లాలో ఈ మందుకి పర్మిట్ తెచ్చుకున్నది ఆయన ఒక్కడే. భార్య కోసం. అది చేతికొచ్చేసరికే ఆమెకి జబ్బు ముదిరిపోయింది. పోయిన వారం చనిపోయింది. ఆ సీసాలు ఇంట్లో చూడలేకపోతున్నాను, తెచ్చి అప్పజెప్పేస్తానని పొద్దున ఫోన్ చేశాడు.”

“అయితే నా సేతికియ్యొచ్చు కదా!” కృపారాణి బావురుమంది. “బెంచీ మీద ఒగ్గేసి పోతే నేనేటనుకోను?”

ధర్మేంద్ర నెమ్మదిగా అన్నాడు.

“పెళ్లాం పోయిన మైలలో ఉన్నాడు కదమ్మా, పసిపిల్ల తాగీ మందు నీ సేతికియ్యకూడదని అక్కడెట్టినాడు.”