ఆకు అడుగున

“ఈ నాలుగు ఆకులు చూసి చెప్పడానికి ఎంతసేపమ్మా? పొద్దున్న ఏడింటికి బస్సెక్కినవాణ్ణి.”

బసవపున్నయ్య పాలిథిన్ సంచిలోంచి చక్కెర దుంప ఆకులు తీసి బల్ల మీద పడేశాడు. మట్టి రాలి కాగితాల నిండా పడింది. మైథిలి కాగితాలు దులిపి పక్కన పెట్టుకుంది. ఆమె పంటల పురుగుల శాస్త్రవేత్త. బాపట్లలో ఆమె గదికి వచ్చే రైతుల్లో సగం మంది కోపంగానే వస్తారు, పాపం, చేను పాడైతే ఎవరు నవ్వుతూ వస్తారు? ఈయన కోపం మాత్రం చేను కంటే ముందే పుట్టినట్టుంది.

“ఎక్కణ్ణుంచి వచ్చారండి?”

“రేపల్లె దగ్గర నగరం అనే ఊరుంది కదా, దాని అవతల నుంచి. మాది చౌడు నేల. వరి వేస్తే సగం కూడా రాదు. ఈ దుంప చౌడులోనూ ఊరుతుందని కంపెనీ వాళ్లు విత్తనాలిచ్చారు. నమ్మిన వెర్రివాళ్లం ఊళ్లో ఇద్దరమే. నేనూ మా తమ్ముడు వెంకటకృష్ణయ్యా. పక్కపక్కనే చెరో ఎకరం.”

“మంచిదే కదండి.”

“ఏంటి మంచిది? ఈ పదిహేనో తారీఖున వాళ్లొచ్చి రెండు చేలూ చూస్తారు. ఏది బాగుంటే ఆ రైతుకే చుట్టుపక్కల ఊళ్లకి విత్తనాల ఏజెన్సీ. రెండోవాడు వాడి ముందు చేతులు కట్టుకు నిలబడాలి.”

తమ్ముడి పేరు పలికినప్పుడు ఆయన నోట్లో వేపాకు నమిలినట్టుంది. అన్నదమ్ముల పోటీ మైథిలికి కొత్త కాదు. అడగలేదు.

ఆకు ఎత్తి వెలుగులో చూసింది.

“ఈ చిల్లులు లద్దె పురుగు కొరికినవి. కంటికి కనిపిస్తాయి కాబట్టి అందరూ వీటినే చూస్తారు. అసలు సంగతి ఇక్కడుంది.”

ఆకు తిరగేసి, భూతద్దం ఆయన చేతికిచ్చింది. అడుగున సన్నటి సాలెగూడు. గూట్లో ఎర్రటి చుక్కలు. చూస్తుండగానే ఒక చుక్క నడిచింది.

“ఎర్రనల్లి. ఆకు రసం పీల్చేస్తుంది. ఎండ ముదిరేకొద్దీ పెరుగుతుంది.”

“చేను పోతుందా?”

“ఇంకా మొదట్లోనే ఉందండి. భయపడకండి.”

“భయమని నేను చెప్పానా? పోతుందా పోదా అని అడిగాను. వదిలేస్తే ఎన్నాళ్లు?”

“వదిలేస్తే నెల పైనే పట్టొచ్చు.”

“నెలా!” ఆయన ముఖం మాడిపోయింది. గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. మార్చి ఒకటి.

మైథిలికి జాలేసింది. కుర్చీ ముందుకు జరుపుకుంది.

“నీటిలో కరిగే గంధకం సాయంత్రం పూట కొట్టండి, ఆకు అడుగు బాగా తడవాలి. లద్దె పురుగులు కొన్నే ఉన్నట్టున్నాయి, చేత్తో ఏరేస్తే సరిపోతుంది. ఒక్క పని మాత్రం చెయ్యకండి. పురుగు కనిపించింది కదా అని సైపర్‌మెత్రిన్ కొట్టకండి. దాంతో లద్దె పురుగు చస్తుంది, నల్లిని తినే పురుగులూ చస్తాయి. ఇక నల్లికి ఎదురుండదు. పది రోజుల్లో చేనంతా ఎర్రబడి మాడుతుంది.”

“పది రోజులేనా?”

“ఈ ఎండలకి ఇంకా ముందే కావచ్చు.”

“మాట మీద నిలబడతారా? ఇలాంటి సలహాలు విని మునిగినవాళ్లని చాలామందిని చూశాను.”

“నా కళ్లారా చూసినవే చెబుతున్నానండి.”

“అయితే రెండు పేర్లూ రాసివ్వండి. కొట్టాల్సిందీ, కొట్టకూడనిదీ. ఏది ఏదో తేడా రాకూడదు.”

మైథిలి విడివిడిగా రాసింది. గంధకం ఎదురుగా ‘కొట్టండి’ అని, సైపర్‌మెత్రిన్ ఎదురుగా ‘వద్దు’ అని. ‘వద్దు’ కింద రెండు గీతలు గీసింది. ఇంత పట్టుబట్టి అడిగే రైతు ఏడాదికొకడు కూడా తగలడు. అప్పటిదాకా పడిన మాటలన్నీ ఆమె మరిచిపోయింది.

“మీలాంటి రైతులుంటే మాకు పని తేలికండి,” అంది.

ఆయన చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. పోతూ తలుపు కూడా వెయ్యలేదు, మహానుభావుడు.

రేపల్లెలో బస్సు దిగి, చీటీ చేత పట్టుకుని తిన్నగా పురుగుమందుల కొట్టుకు వెళ్లాడు. కొట్టు చలపతిరావుది.

“రండి బాబాయ్. ఆ చీటీ ఇటివ్వండి, చూస్తాను.”

“నీకెందుకు చీటీ? నేను చెప్పింది ఇవ్వు. వేరేది అంటగట్టావంటే కొట్టు ముందు కూర్చుని నీ పరువు తీస్తాను.”

చలపతిరావుకి ఒళ్లు మండింది. అయినా వ్యాపారం కాబట్టి నవ్వి, అడిగిన మందు తెచ్చి ఇచ్చాడు. బసవపున్నయ్య దాని మీది పేరు చీటీతో అక్షరం అక్షరం సరిచూసుకున్నాడు. తయారైన తేదీ చూశాడు. పాత సరుకు పనిచెయ్యదని ఇంకో నాలుగు తిట్లు తిట్టి గానీ మెట్లు దిగలేదు.

మర్నాడు గాలి లేదు. మందు కొట్టడానికి అలాంటి పూటే కావాలి. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, స్ప్రేయరు ట్యాంకులో సగం దాకా నీళ్లు పోశాడు. తమ్ముడి భార్య సరోజిని కాఫీ తెచ్చి గట్టు మీద నిలబడింది. ఆయన ఆమె వైపు తల తిప్పలేదు.

“ఆయన తెనాలి ఆస్పత్రిలో కాలు విరిగి పడుంటే, పాత గొడవలన్నీ మరిచిపోయి మా చేనుని మీ చేనులా కాపాడుతున్నారు బావగారూ,” అని సరోజిని కళ్లు తుడుచుకుంటుంటే, బసవపున్నయ్య సైపర్‌మెత్రిన్ సీసా మూత తీసి ట్యాంకులోకి వంచాడు.