దంపుడు బియ్యం

“రోకలి ఎత్తతా ఉండావా, బిడ్డని జోకొడతా ఉండావా?” నడవాకిట్లోంచి అరిచింది రెబెక్కమ్మ.

వంటింటి వెనక వసారాలో కోడలు జయశీల పెదవి కొరుక్కుని ఇంకో పోటు వేసింది. రోట్లో వడ్లు లేవు. మడిచిన గోనెసంచి ఉంది. రోకలిని జానెడెత్తి దాని మీద వదిలితే దబ్బుమంటుంది. వీధి అరుగు మీద కూర్చున్న మామ క్రీస్తుదాసుకి ఆ చప్పుడు వినపడితే చాలు.

జయశీలకి అయిదో నెల. పోయినేడు ఇదే రోటి దగ్గర కడుపు పోయింది. ఈసారి బరువెత్తొద్దని నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. ఆ మాట మొగుడు ఆనందబాబు తండ్రి చెవిన వేసినాడు.

“ఆ డాక్టరమ్మ వచ్చి దంచుతుందా?” అన్నాడు క్రీస్తుదాసు.

“మిల్లులో పట్టిస్తే పోతుంది గదా నాయనా.”

కొత్త పైసలొచ్చిన మరుసటేడు పక్కూరు కోటలో ఓబయ్య ఆయిలింజను మిల్లు పెట్టినాడు. ఊళ్ళో అందరూ అక్కడే పట్టించుకుంటున్నారు. క్రీస్తుదాసు ఒక్కడే మొండికేసినాడు. ఇంజను వేడికి బియ్యంలో సత్తువ చస్తుందంటాడు. ఆనందబాబు ఒకసారి తెగించి మిల్లు బియ్యం తెస్తే, తండ్రి బస్తా ఎత్తి పేడదిబ్బ మీద కుమ్మరించినాడు.

“మళ్ళా ఆ బియ్యం గడప లోపలికొస్తే, నువ్వూ నీ పెళ్ళామూ గడప బయట” అన్నాడు.

అప్పట్నించి మొగుడూ పెళ్ళామూ సొంత ఇంట్లో దొంగలైనారు. ఆనందబాబు కోటలో బడి పంతులు. తండ్రి చేలోకి పోగానే వడ్లమూట సైకిలుకి కట్టుకుని పోతాడు, మిల్లులో దించుతాడు. ఒక్కసారే పట్టి తియ్యమంటాడు. అట్లయితే బియ్యం ఎర్రగా, దంచినట్టే ఉంటాయి. చూపడానికి ఊక కూడా మూట కట్టించుకుంటాడు. సాయంత్రం తండ్రి గొడ్ల దగ్గరున్నప్పుడు దొడ్డిదారిన అన్నీ వసారాలోకి చేరుస్తాడు.

మామ వసారా మొహం చూడడు. జయశీల భయమంతా అత్తతోనే. రెబెక్కమ్మకి మోకాళ్ళు పట్టేసి మనిషి లేవలేదు గానీ నోరు లేస్తుంది. పొద్దంతా కోడలితో మాటే ఉండదు. ఆదివారం గుడిలో కూడా రెండు చాపల అవతల కూర్చుంటుంది. జయశీల రోకలి పట్టుకుంటే మాత్రం మొదలుపెడుతుంది, అది మూలన పెట్టిందాకా ఆపదు.

“నెల్లూరు పిల్ల వద్దురా అంటే విన్నాడా నా కొడుకు? వెన్నపూస చేతులు. నేను నెలలు నిండేదాకా దంచినా. మీ మామనడుగు.”

అరుగు మీద క్రీస్తుదాసు పగ్గం పేనుతున్నాడు. వాళ్ళకి పుట్టినవాళ్ళలో ఆనందబాబు ఒక్కడే దక్కినాడు.

“గట్టిగా వెయ్యవే. కూడు తినలా?”

“తిన్నానత్తా.”

“తిన్నావులే. చట్టి అడుగు కనపడింది.”

జయశీల కళ్ళు తుడుచుకుని రోకలి ఎత్తింది.

మధ్యాహ్నం క్రీస్తుదాసు కంచంలో మెతుకు నలిపి చూసుకున్నాడు.

“ఇదీ బియ్యమంటే. మర మొహం చూసుంటే ఈ రుచి వస్తుందా?”

“పొగిడి నెత్తికెక్కించుకో” అంది రెబెక్కమ్మ పులుసు పోస్తా. “రేపు రోకలి తెచ్చి నీ చేతికిస్తుంది.”

మర్నాటికి రెబెక్కమ్మ గొంతు పోయింది. శొంఠి నీళ్ళు తాగినా రాలేదు. కోడలు రోకలి పట్టుకోగానే అలవాటుగా నోరు తెరిచింది. బొంగురు తప్ప మాట బయటికి రాలేదు. ఈ ఒక్క పూటన్నా తిట్లు తప్పినాయి అనుకుంది జయశీల. ఇల్లంతా నిమ్మళంగా ఉంది. గోనె మీద రోకలి దబ్బు దబ్బుమంటోంది.

అరుగు మీద పగ్గం ఆగింది.

“ఏందే ఆ చప్పుడు?” అన్నాడు క్రీస్తుదాసు. “రోట్లో వడ్లున్నట్టు లేదే.”

లేచినాడు. అడుగులు నడవలోకి వచ్చినాయి. జయశీల రోకలి గోడకానించింది. గోనె తీసి దాచే వ్యవధి లేదు.

రెబెక్కమ్మ నడవాకిలికి అడ్డంగా కాళ్ళు చాపింది.

“యాడికి?” అంది, బొంగురు గొంతు చించుకుని.

“రోలు చూసొస్తా.”

“నా కాపురమంతా ఆ రోటి కాడనే గడిచింది. ఒక్కనాడు తొంగి చూడనోడివి, ఇప్పుడు కోడలు దంచే కాడ నీకేం పని? పోయి పగ్గం పేనుకో.”

“ఆ పిల్ల ఏదో మోసం చేస్తా ఉండాదే.”

“చేస్తే తోలు వలిచేదానికి నేను లేనా?”

ఆమె కాళ్ళు తియ్యలేదు. క్రీస్తుదాసు గొణుక్కుంటా అరుగు మీదికి పోయినాడు.

రెబెక్కమ్మ గోడ పట్టుకుని లేచింది. కుంటుకుంటా వసారాలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. కోడలు దంచేటప్పుడు ఆమె అక్కడికి రావడం అదే మొదలు. రోటి మీదికి వంగి, గోనె కొస పట్టుకుని బయటికి లాగింది.

“అత్తా, డాక్టరమ్మ చెప్పింది...”

“నోర్ముయ్.”

జయశీల గోడకానుకుని, పొట్టకి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

రెబెక్కమ్మ గోనెని మూలకి విసిరికొట్టింది. తలుపు వైపు ఒకసారి చూసి, రాని గొంతుతో అంది.

“దీని చప్పుడు ఆయనకి వినపడకుండా ఎన్నాళ్ళని అరవను, రోట్లో ఇంత ఊక పొయ్యవే.”