గ్రాముల ఇన్‌స్పెక్టర్

“నిన్న మీగడలో పంచదార ఎవరు కలిపారు? చెప్పేదాకా ఎవ్వరూ కుర్చీలోంచి లేవకూడదు.”

పొద్దున్నే ఎనిమిదింటికి భోజనాల బల్ల దగ్గర విచారణ మొదలైంది. ఒక పక్క తాతయ్య, నానమ్మ. ఇంకో పక్క ఆఫీసు బ్యాగు ఒళ్లో పెట్టుకుని నాన్న. వాళ్లకెదురుగా ఇన్‌స్పెక్టర్.

ఆ పేరు పెట్టింది తాతయ్యే. గ్రాముల్లో తూచే చిన్న కాటా ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఇన్‌స్పెక్టర్‌కి వేరే లోకం లేదు. కోడిగుడ్డు, వెన్న, దోసకాయ ముక్క, ఏదైనా సరే కాటా ఎక్కాకే పళ్లెంలోకి వెళ్లాలి. ఆ అంకె నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. ఆఖరికి తాతయ్య దగ్గు బిళ్లలు కూడా సొరుగులోంచి మాయమయ్యాయి.

ఆ ఇంట్లో పాపకి మూర్ఛ. రెండు రకాల మందులు వాడినా ఫిట్స్ ఆగలేదు. అప్పుడు డాక్టరుగారు కీటో భోజనం రాసిచ్చారు. అన్నం లేదు, రొట్టె లేదు, పంచదార అసలే లేదు. దాదాపు అంతా కొవ్వే. చక్కెర అందకపోతే ఒళ్లు కొవ్వును వాడుకుంటుందనీ, కొందరు పిల్లలకి దాంతో ఫిట్స్ తగ్గుతాయనీ చెప్పారు. మూడు నెలలు చూద్దామన్నారు. ఫలితం లేకపోతే ఆపేస్తామన్నారు.

ఆ మూడు నెలలు వచ్చే సోమవారంతో అయిపోతాయి.

నలభై ఒక్క రోజులు ఫిట్స్ జాడే లేదు. ఇన్‌స్పెక్టర్ క్యాలెండర్ మీద రోజూ ఆకుపచ్చ పెన్నుతో టిక్కు పెడుతూ వచ్చింది. నిన్న సాయంత్రం, హాల్లో టీవీ ముందు, మళ్లీ వచ్చాయి. ఆ మూడు నిమిషాలూ ఎలా గడిచాయో ఇన్‌స్పెక్టర్‌కి గుర్తే లేదు. ఒళ్లు కొవ్వును వాడుకుంటోందో లేదో తెలియడానికి ఈ ఉదయం మూత్రంలో ముంచిన పరీక్ష పట్టీ ఊదారంగుకి తిరగాల్సింది పోయి తెల్లమొహం వేసింది. సింకులో కడగకుండా వదిలేసిన మీగడ గిన్నె అడుగున తియ్యటి జిగట వేలికంటుకుంది.

“నా వంక చూడకు. నిన్నంతా ఆఫీసులోనే ఉన్నాను,” అన్నాడు నాన్న.

“ద్రాక్షపళ్ల రోజు కూడా ఇదే మాట.”

నాన్న బ్యాగు జిప్పు సర్దుకోసాగాడు.

నానమ్మ ముక్కు చీదింది. “ఆమధ్య అరటిపండు ముక్క పెట్టింది నేనే. అప్పుడే ఒప్పుకున్నాను. నిన్న మాత్రం నేను కాదు, ఒట్టు. అయినా తల్లీ, ముద్ద దిగక కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే చూస్తూ ఊరుకోడానికి మావేమన్నా రాతిగుండెలా?”

“జాలి! అందరికీ జాలే!” ఇన్‌స్పెక్టర్ బల్ల మీద చరిచింది. “ఒక్కదానికేమవుతుందిలే అని ఎవరికి వాళ్లే. ఏమైందో చూశారుగా? సోమవారం డాక్టరుగారికి ఏం చెప్పాలి?”

తాతయ్య నవ్వించబోయాడు. “ఇన్‌స్పెక్టర్‌గారూ, కావాలంటే నా జేబులు వెతుక్కోండి.”

“ఇదేమన్నా నవ్వులాటా?”

తాతయ్య తల దించుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కి కోపం కన్నా ఏడుపే ఎక్కువొస్తోంది. రోజూ సగం మిగిలే మీగడ నిన్న గిన్నెడూ అయిపోయింది. అప్పుడే అనుమానం రావాల్సింది. చక్కెర లేని తీపి చుక్కలు కాస్త ఎక్కువ పడ్డాయేమోలే, హమ్మయ్య అనుకుని సంబరపడ్డందుకు ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండుతోంది. ఇంటిల్లిపాదికీ ప్రేమే, ఒక్కరూ మాట వినరు. ఎన్ని తూచి ఏం లాభం? ఒక్కతే ఎంతకని కాపలా కాస్తుంది?

“దణ్ణం పెడతాను.” ఇన్‌స్పెక్టర్ రెండు చేతులూ జోడించింది. “తిట్టను. ఎవరో చెప్పండి చాలు.”

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిజంగానే వాళ్లెవరికీ తెలియదు. అంతలో వంటింట్లో ఏదో జారిపడిన చప్పుడైంది.

“నేనే తల్లీ, ఒక్కపూటన్నా కడుపారా తింటావని...” అంటూ ఏడుస్తూ వచ్చిన అమ్మ, నిన్న ఫిట్స్ వచ్చినప్పుడు నాలుక కొరుక్కున్న తన తొమ్మిదేళ్ల ఇన్‌స్పెక్టర్‌ని కుర్చీలోంచి ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.