రెండో జత ఉన్ని చెప్పులు

రోడోపి కొండల మీద, కొండెక్కేవాళ్లు రాత్రికి ఆగే మా విడిదిలో నాన్నదొక పద్ధతి. కింది విడిది నుంచి ఇంతమంది బయల్దేరారని ఫోనొస్తే, అన్ని జతల ఉన్ని చెప్పులు పొయ్యి పక్కన పెట్టేవాడు. పొగమంచు కమ్మితే వాకిట్లో గంట కొట్టేవాడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. చివరి జతలో కాళ్లు పడేదాకా ఆపేవాడు కాదు. ఆ చప్పుడు వింటూనే నేను నిద్రపోయేదాన్ని.

నాన్న పోయి తొమ్మిదేళ్లు. గంటను ఊళ్లో చర్చికి ఇచ్చేశాం. ఇప్పుడందరికీ ఫోన్లున్నాయి కదా.

నిన్న చీకటి పడ్డాక ఇనేష్ అనే పోర్చుగల్ పిల్ల, వీపున పెద్ద సంచితో, పొగమంచులోంచి వచ్చింది. చెప్పులిచ్చి తిట్టడం మొదలుపెట్టాను.

"ఒంటరిగా కొండెక్కుతారా ఎవరైనా? లోయలో పడితే మాకెవరు చెప్తారు?"

"ఒంటరిగా కాదు ఆంటీ, రుయ్ కూడా ఉన్నాడు. ఫోన్లు చచ్చిపోయాయి. గంట వినబడితే అటే నడిచాం."

"ఏ గంట?"

బల్ల మీద వేలితో కొట్టి చూపించింది. రెండు. కాస్త ఆగి ఒకటి.

"రుయ్‌కి కాలు బెణికింది. గంట కొట్టే ముసలాయన దగ్గరే కూర్చున్నాడు. ఆయన నన్ను ఇటు పొమ్మని, పాదాలు చూపించి రెండు వేళ్లెత్తాడు. ఏంటో అర్థం కాలేదు."

నాకర్థమైంది. పొయ్యి పక్కన రెండో జత పెట్టి తలుపు తీశాను. లోయ వైపు గంట మోగుతోంది. వింటూ ఉంటే చిన్నప్పటి నిద్ర కళ్ల మీదికొచ్చింది.

అంతలో గంట ఆగింది.

వెనక్కి తిరిగి చూశాను. రెండో జత ఖాళీగానే ఉంది.