పంటి గంటు

ఉప్పెన వెనక్కి తీసిన ప్రతిసారీ బందరు ఇసుకలో ఎముకలు బయటపడుతూనే ఉంటాయి. జనం వాటిని గోనెసంచుల్లో వార్డు కౌంటరుకి తెస్తారు. ఉప్పులో నానిన ఎముకల్లో రక్తసంబంధం తేల్చే ఆనవాళ్ళు మిగలవు. అందుకే కౌంటరులోని మిషను ఎముకల తీరు చూసి, బతికున్నప్పటి ముఖం గీస్తుంది. తప్పిపోయినవాళ్ళ తాలూకు మనుషులు వంటలు ముగించుకుని వచ్చి ఆ ముఖాలు చూస్తారు.

"యాభై దాటిన మనిషండీ. ఎప్పుడూ తలొంచుకు చేసే పనేమో, మెడ ఎముకలు అరిగిపోయాయి" అన్నాడు కౌంటరు నడిపే జోజి.

తెరమీద ముఖం మెల్లగా నవ్వింది. వరస తీరిన పళ్ళు.

"మా అమ్మ కాదు బాబూ. అలాగే ఉంది గానీ, ఆ నవ్వు కాదు" అంటూ నాంచారమ్మ లేచింది.

"ఉండండమ్మా. ఈ రోజుల్లో అరిగిన పళ్ళు ఎవరికున్నాయి? అందరూ పూడ్పించుకుంటున్నారు కదా, అందుకని మిషను కూడా వాటిని బాగుచేసేసి చూపిస్తుంది."

జోజి ఆ సవరణ తీసేశాడు. ముందుపన్ను అంచున సన్నటి గంటు తేలింది.

నాంచారమ్మ మళ్ళీ కూర్చుంది.

"జాకెట్లకి హుక్కులు కుట్టేది. కత్తెర ఒళ్ళోనే ఉండేది, అయినా దారం పళ్ళతోనే కొరికేది. వద్దంటే నవ్వేది."

ఆమె నాలుక తన ముందుపన్ను మీదికి పోయింది. అమ్మ పక్కన కూర్చుని పని నేర్చుకున్న రోజుల్లో తనకీ అక్కడే గంటు పడింది. పెళ్ళిచూపులకి ముందు పళ్ళ డాక్టరు దాన్ని నున్నగా పూడ్చేశాడు.

"బాబూ," అంది నాంచారమ్మ, "పంటికి పూడ్చింది మళ్ళీ తీసేస్తారా ఎక్కడైనా?"