పదో గుడ్డ

"ఇయ్యాల నా పక్కన గ్లోరీ నిలబడుతది. వనజా, నువ్వు పై పని చూస్కో" అన్నాడు డాక్టర్ మహేందర్, చేతులకు గ్లౌజులు తొడిగించుకుంటూ.

వనజ పక్కకు జరిగింది. కామారెడ్డిలోని ఆ ఆసుపత్రి థియేటర్లో పన్నెండేళ్లుగా సారు కుడిపక్కన నిలబడింది తను. ఆయన చెయ్యి చాపితే చాలు, ఏం కావాలో అడక్కుండానే అందించింది తను. మద్నూర్ నుంచి వచ్చి మూడు నెలలైనా కాలేదు, ఈ గ్లోరీ అప్పుడే ఆ చోటుకు ఎసరు పెట్టింది!

బల్ల మీద ఎల్లారెడ్డి నుంచి వచ్చిన ఎంకవ్వ. గర్భసంచి ఆపరేషన్. నడుముకు సూది ఇవ్వడంతో కింది సగం మొద్దుబారింది. ఛాతీ దగ్గర అడ్డంగా పచ్చగుడ్డ కట్టారు. దానికి అవతల డాక్టరు, గ్లోరీ. ఇవతల ఎంకవ్వ తల, పక్కనే వనజ.

"భయపడకు అవ్వా, నేనున్న."

"నువ్వున్నవు గద బిడ్డా, నాకేం భయం" అని ఎంకవ్వ వనజ వైపే చూస్తూ పడుకుంది. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన వేళ్లు మాత్రం ఊరుకోక దుప్పటి అంచును చుడుతూనే ఉన్నాయి.

"కత్తెర" అనే లోపే గ్లోరీ అందించింది.

"శభాష్!" అన్నాడు డాక్టరు.

పన్నెండేళ్లలో వనజకు ఒక్క శభాష్ దక్కలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

రక్తం అద్దిన గుడ్డలు ఒక్కొక్కటే బకెట్లో పడుతున్నాయి. మొత్తం పది. కుట్లు వేసే ముందు పదీ లెక్క తేలాలి. తేలకపోతే ఒకటి కడుపులో ఉండిపోయిందేమోనని వెతకాల్సిందే. ఆ లెక్క గ్లోరీది. వనజ అటూ ఇటూ చూసి, బకెట్లోంచి ఒక గుడ్డను తీసి, పచ్చగుడ్డ ఇవతలికి వచ్చి గ్లౌజు కవర్లో చుట్టి జేబులో వేసుకుంది.

"లెక్క చెప్పు" అన్నాడు డాక్టరు.

"తొమ్మిది సార్..." అంది గ్లోరీ. మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిదే.

"ఇంకోటేది? కండ్లు ఏడ పెట్టుకున్నవ్?" డాక్టరు చెమటలు కక్కుతూ కడుపులో చెయ్యి పెట్టి వెతకసాగాడు. గ్లోరీ కన్నీళ్లకు మాస్కు తడిసిపోయింది.

వనజకు కడుపు చల్లబడింది. ఇంకాసేపు చూడాలని కూడా అనిపించింది. ఆఖరికి బల్ల కిందికి వంగింది. వంగినప్పుడే చెయ్యి జేబులోకి పోయి వచ్చింది.

"ఇగో సార్! కింద పడ్డది. పిల్ల చూస్కోలే."

డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. "అనుభవం అంటే గిది! గ్లోరీ, రేపటి సంది నువ్వు థియేటర్ల కనపడొద్దు. వనజా, మళ్ల నువ్వే నిలబడు."

వనజ గర్వంగా తలెత్తింది. అప్పుడు పచ్చగుడ్డ ఇవతలి నుంచి ఎంకవ్వ గొంతు వినిపించింది.

"గా పిల్లను తిట్టకు సారూ. అది కింద పడనే లేదు. ఈ బిడ్డనే జేబుల భద్రంగ పెట్టుకున్నది, నేను సూస్తనే ఉన్న. పాపం, మర్శిపోయినట్టున్నది!"