పల్లిచేనులో గొంతు

"ఆగు! ఇంకొక్క అడుగు ముందుకేసినవంటే నరికి పోగులు పెడ్త!"

చేనులోంచి ఆడమనిషి అరుపు వినబడగానే రోహిణి కాళ్లు గట్టు మీదే బిగుసుకుపోయాయి. చేతిలోని సంచి జారి కిందపడింది. వంగి తీసుకునే ధైర్యం కూడా లేకపోయింది.

"అమ్మా, నేను దొంగను కాదు. భీమన్న కోసం వచ్చిన," అంది. ఆ మాట ఆమెకే సరిగ్గా వినబడలేదు.

ఎడమవైపు మనిషెత్తు మొక్కజొన్న. కుడివైపు పల్లిచేను, మోకాలెత్తు కూడా లేదు. అందులో ఆడమనిషి కాదు కదా, పిట్ట కూడా కనబడటం లేదు. పొద్దు కుంకుతోంది. ధరూర్ నుంచి తీసుకొచ్చిన ఆటో అతను ఆమెను రోడ్డు మీద దింపి, "సక్కగ గట్టు పట్టుకొని పో మేడం, భీమన్న చేన్లనే ఉంటడు," అని చెప్పి ఎప్పుడో వెళ్లిపోయాడు.

"నీ తాత దిగొచ్చినా నా భూమి ఇడువ! రాండ్రి, ఎవడొస్తడో రాండ్రి!"

మళ్లీ అదే గొంతు. రోహిణి చెవులు రిక్కించింది. ఈ మాటలు ఎక్కడో విన్నట్టుంది. విన్నట్టుండటమేమిటి, తను రాసినవే! తన నవలలో ఈరమ్మ, భూమి కాజేయడానికి వచ్చినవాళ్ల మీద కొడవలి ఎత్తే చోటు అది. ఆ గొంతూ తనదే.

తన గొంతే అని తెలిశాక భయం తగ్గాలి కదా? తగ్గలేదు సరికదా, రెట్టింపైంది. తానిక్కడ నోరు పెగలక నిలబడి ఉంటే, తన గొంతు అక్కడ మనిషి జాడ లేని చేనులో శివాలెత్తిపోతోంది!

అచ్చు వేయించిన అయిదు వందల పుస్తకాల్లో నాలుగు వందలు ఇంకా వనపర్తిలో ఆమె మంచం కిందే ఉన్నాయి. చదివేవాళ్లు లేకపోతే వినేవాళ్లయినా దొరుకుతారేమోనని, నవలంతా తనే గొంతు చించుకుని చదివి ఫోన్లో వినేలా పెట్టింది. చివర్లో తన నంబరు కూడా చెప్పింది. ఇన్ని నెలల్లో ఫోన్ చేసింది ఒకే ఒక్కడు, ఈ భీమన్న. ఒకసారి కాదు, నాలుగుసార్లు. "అమ్మా, దినాం నీ కథనే పెట్టుకుంటున్నం. ఇంకో పుస్తకం ఎప్పుడు చదువుతవ్?" అని. ఇక రాయడం మానేద్దామనుకుంటున్న మనిషికి అంతకంటే ఏం కావాలి? ఆ ఒక్క శ్రోతనూ కళ్లారా చూసి, రెండో పుస్తకం సంగతి తేల్చుకుందామని బస్సెక్కింది. 'నాకు బుద్ధి లేదు, ఫోన్లోనే మాట్లాడితే పోయేది కదా!' అని ఇప్పుడు తనను తానే తిట్టుకుంది.

వెనక తుమ్మ పొదల్లో ఏదో గుర్రుమంది. కొమ్మలు విరిగిన చప్పుడు.

"అమ్మో!" రోహిణి ఇక ఆగలేదు. మొక్కజొన్నలో దూరి దాక్కుందామని కాలెత్తింది.

"అమ్మా! కాలు పెట్టకు! కరెంటు తీగ ఉంది!"

ఈసారి మగగొంతు. ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది. కిందికి చూస్తే, నేలకు జానెడెత్తున సన్నటి తీగ, చేను పొడుగునా. ఎట్లా వెనక్కి తీసుకుందో ఆ కాలు, ఆమెకే తెలియదు.

అవతలి గట్టు చెట్ల చాటునుంచి, పల్లిచేనుకు అడ్డంపడి, కర్రతో ఒకాయన రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఇటు, నా దిక్కు రా. మక్కచేనోళ్లు పందులకని కట్టిండ్రు. తాకినవంటే మాడిపోతవ్!"

రోహిణి ఒక్క దూకున అటు వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. "అన్నా, భీమన్నవు నువ్వేనా?"

"నేనే. నువ్వు... అరె, గా గొంతు! నువ్వు మా కథలమ్మవా!"

"నేనే అన్నా. నీ చేన్ల కూడా తీగ ఉందా?"

"లేదమ్మా. గా తీగకే పోయినేడు నా ఎద్దు సచ్చిపోయింది. ఇగ పంట బోయినా సరే, తీగ కట్టనన్న. గప్పుడు మా బిడ్డ కావ్య నీ కథను మెమరీ చిప్పుల ఎక్కిచ్చి, గా మైకు డబ్బకు పెట్టింది. నువ్వు మొత్తుకుంటుంటే పందులు ఊరు దాటి ఉరికినయి పో!"

"పందులా? మరి నువ్వు ఇనలేదా అన్నా?"

"కూసొని ఇననీకి నాకేడ పురుసత్ అమ్మా? డబ్బ పెట్టి, మంచె మీద పండుకుంట."

నాలుగు వందల పుస్తకాలూ ఒక్కసారిగా నెత్తిన పడ్డట్టయింది రోహిణికి. ఏడుపొచ్చింది. కానీ ఏడవడానికి తీరికేది? తుమ్మ పొదలు మళ్లీ కదిలాయి. ఒకటి, రెండు, అయిదు నల్లటి వీపులు పల్లిచేనులోకి దిగాయి. అన్నిటికంటే ముందున్నది దున్నపోతు దూడంత ఉంది. మైకు డబ్బాలో ఈరమ్మ ఆకాశం దద్దరిల్లేలా తిడుతూనే ఉంది. పందులు మాత్రం తల కూడా ఎత్తకుండా, నేలను పెళ్లగించుకుంటూ తిన్నగా వీళ్లవైపే వస్తున్నాయి.

రోహిణి భీమన్న భుజం వెనక నక్కింది. "అన్నా, డబ్బ మోగుతనే ఉంది గదా! మరి ఉరుకుతలేవేంది?"

భీమన్న రెండు చేతులా కర్ర బిగించి పట్టుకుని, అడుగు వెనక్కి వేస్తూ గుసగుసలాడాడు.

"గందుకే గదమ్మా ఇంకో పుస్తకం చదువుమన్నది! గిది వాటికి నోటికొచ్చింది."